రెండు వారాల జీతాన్ని నెలకు మార్చకండి: అమెరికాలోని మా యూనివర్సిటీ ఆర్థిక విభాగానికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆర్థిక విభాగం ఉపాధ్యక్షులకు, పేరోల్ డైరెక్టర్ గారికి, విద్యార్థి ఉద్యోగాల విభాగం సిబ్బందికి,

నమస్కారం. నేను మీ యూనివర్సిటీలో ఎం.ఎస్. రెండో సంవత్సరంలోకి వచ్చిన విద్యార్థినిని. మాది ఖమ్మం జిల్లాలో ఒక పల్లె. పోయిన ఏడాది ఆగస్టు నుంచి ఇక్కడి డైనింగ్ హాల్‌లో పనిచేస్తున్నాను. మొదట డిష్ రూమ్‌లో, తర్వాత సలాడ్ కౌంటర్‌లో చేశాను. జనవరి నుంచి సాయంత్రం షిఫ్టుకి స్టూడెంట్ సూపర్‌వైజర్‌ని. మా షిఫ్టులో పదకొండు మంది ఉంటే ఎనిమిది మంది తెలుగువాళ్లమే.

ఈ ఉత్తరం ఇంగ్లిష్ ప్రతిని మీ ఆఫీసులో ఇచ్చాం. దీన్ని తెలుగులో కూడా బయటపెడుతున్నది ఎందుకంటే, మీరు మార్చబోతున్న జీతం తేదీ మా ఒక్కరి విషయం కాదు. ఆ తేదీని బట్టే హనుమకొండలో ఒక నాన్న బ్యాంకు వడ్డీకి ఎక్కడ సర్దాలో చూసుకుంటాడు. గుంటూరులో ఒక అమ్మ 'ఈ నెల డబ్బులు పంపాలా నాన్నా?' అని అడుగుతుంది. వాళ్లు ఇంగ్లిష్ మెయిళ్లు చదవరు. వాళ్లకీ తెలియాలి. ఈ ఆగస్టులో విమానం ఎక్కబోతున్న పిల్లలకూ తెలియాలి.

జూన్ నెలాఖరులో మీ దగ్గర్నుంచి మాకు మెయిల్ వచ్చింది. గంటల లెక్కన పనిచేసే విద్యార్థులందరికీ ఇప్పటిదాకా రెండు వారాలకోసారి ఇస్తున్న జీతాన్ని ఆగస్టు 16 నుంచి నెలకోసారి ఇస్తామని, ఒక నెల 16 నుంచి మరుసటి నెల 15 దాకా చేసిన పనికి ఆ నెల చివరి పనిదినాన డబ్బు పడుతుందని అందులో ఉంది. మొత్తం రెండు పేరాలు. 'ఈ మార్పు వల్ల మీ మొత్తం సంపాదనలో తేడా ఉండదు' అన్నది ఆఖరి వాక్యం.

ఆ వాక్యం లెక్క ప్రకారం నిజమే. కానీ తేదీలు వరసగా రాసుకుంటే వేరే సంగతి కనిపిస్తుంది. పాత పద్ధతిలో మాకు చివరి జీతం ఆగస్టు 21 శుక్రవారం పడుతుంది. కొత్త పద్ధతిలో మొదటి జీతం సెప్టెంబర్ 30న. మధ్యలో 40 రోజులు. ఆ 40 రోజుల్లోనే సెప్టెంబర్ 1న ఇంటి అద్దె ఉంది, 10న ట్యూషన్ రెండో వాయిదా ఉంది, పుస్తకాలు, కరెంటు, ఫోను బిల్లులు ఉన్నాయి. పాత పద్ధతే ఉంటే అదే సమయంలో సెప్టెంబర్ 4న ఒకసారి, 18న ఇంకోసారి మా ఖాతాల్లో డబ్బు పడి ఉండేది. ఏడాది మొత్తంలో తేడా లేకపోవచ్చు. కానీ మేం అద్దె ఏడాదికోసారి కట్టం.

నా లెక్క చెప్తాను. గంటకు 13 డాలర్లు, వారానికి 20 గంటలు. రెండు వారాలకు 520 డాలర్లు, అందులో కొంచెం పన్ను పోతుంది. రెండు బెడ్‌రూముల ఇంట్లో నలుగురం ఉంటాం, నా వాటా అద్దె 450. మొదటి చెక్కు అద్దెకి, రెండోది తిండికీ మిగతా వాటికీ. ఏడాదికి 26 చెక్కులు కాబట్టి రెండు నెలల్లో మూడేసి చెక్కులు పడతాయి. ఆ మూడో చెక్కు కోసం మేం ఎంత ఎదురుచూస్తామో మీకు తెలియకపోవచ్చు. పోయినసారి మూడో చెక్కు వచ్చినప్పుడు నేను నాన్నకి ఫోన్ చేసి 'ఈ నెల లోన్ వడ్డీ నేనే కడతాను' అన్నాను. ఇక్కడికి వచ్చాక నేను ఆయనకి చెప్పిన మంచి మాట అదొక్కటే అనిపించింది.

మీ ఆఫీసులో కూర్చున్నవాళ్లకి ఒక నెల జీతం ఆలస్యమైతే ఏం చేస్తారు? పొదుపులోంచి తీస్తారు, లేదా ఇంకో పని చూసుకుంటారు. మాకు ఆ రెండో దారి చట్టమే మూసేసింది. ఎఫ్-1 వీసా మీద ఉన్న విద్యార్థి తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్ లోపల వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. డైనింగ్ హాల్‌లో 12, లైబ్రరీలో 8 చేసినా అన్నీ కలిపి 20లోపే. ఈ వారం 14 గంటలే దొరికాయి కదా అని వచ్చే వారం 26 చేయడానికి లేదు. పోయిన గంట పోయినట్టే. క్యాంపస్ బయట పని చేయాలంటే మామూలుగా ముందు ఒక పూర్తి విద్యా సంవత్సరం అయిపోవాలి. ఆ తర్వాత కూడా చదువుకి సంబంధించిన ట్రైనింగ్ అయితే సీపీటీ అనే అనుమతి, లేదంటే తీవ్రమైన ఆర్థిక ఇబ్బంది వచ్చిందని రుజువులతో ఇమిగ్రేషన్ శాఖకి దరఖాస్తు పెట్టి ఫీజు కట్టి అనుమతి కోసం కాచుకోవడం. అది వచ్చేలోపు సెమిస్టరే అయిపోవచ్చు. ఫెడరల్ వర్క్-స్టడీ సాయం అమెరికా పౌరులకు, అర్హత ఉన్న కొద్దిమంది పౌరులు కానివారికి మాత్రమే, మాకు రాదు.

అంటే చట్టప్రకారం మాకు పని ఇవ్వగలిగిన చోటు మీరొక్కరే. ఉన్న ఒక్క కుళాయినీ రెండు వారాలకు బదులు నెలకోసారి తిప్పుతామని మీరు అంటున్నారు. ఇది మీరు ఆలోచించి ఉండరనే నా నమ్మకం, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

'ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) తీసుకునేటప్పుడు ఏడాది ఖర్చుకి సరిపడా డబ్బు చూపించారు కదా' అని మీ ఆఫీసులో ఒకరు మా వాళ్లతో అన్నారు. చూపించాం. నిజం. ఆ డబ్బులో ఎక్కువ భాగం చదువు లోన్. బ్యాంకు దాన్ని సెమిస్టర్ వారీగా నేరుగా మీ ఖాతాకే పంపుతుంది, మా చేతికి రాదు. మిగతాది నాన్న ఫిక్స్‌డ్ డిపాజిట్, మామయ్య పేరు మీద ఉన్న బ్యాలెన్స్. అది చివరి ఆధారం. దాన్ని కదిపితే ఇంట్లో చెల్లి చదువు ఆగుతుంది. ఇవన్నీ మీకు చెప్పాల్సిన అవసరం నిజానికి ఉండకూడదు. ఒక మనిషి ఖాతాలో ఎంత ఉందో చూసి కూలి ఎప్పుడివ్వాలో నిర్ణయించరు. పనిచేశాం, గంటలు రాశాం, ఆ డబ్బు మాది.

ఇంకో విషయం, రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. చేతిలో డబ్బు లేనప్పుడు కొందరు బయట క్యాష్ పనికి వెళ్తారు. అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు. నాకు తెలిసిన ఒక సీనియర్‌కి ఒక సెమిస్టర్‌లో క్యాంపస్ పని పోయింది. ఊరి చివర ఒక షాపులో రాత్రిపూట చేరాడు. మూడు వారాలు చేశాక ఓనర్ రెండు వారాల డబ్బు ఎగ్గొట్టాడు. పనిచేసిన గంటలకు జీతం ఇవ్వాల్సిందేనని ఈ దేశం చట్టం చెప్తుంది, వీసా ఏదైనా సరే. కానీ ఫిర్యాదు చేస్తే ముందు తన పేరే బయటికొస్తుందని అతను నోరు మూసుకున్నాడు. చదువు అయిపోయేదాకా ప్రతి గుర్తు తెలియని ఫోన్‌కీ భయపడేవాడు.

2025 ఏప్రిల్‌లో దేశమంతటా వేలమంది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు (వాళ్ల వీసా హోదాని ప్రభుత్వం నమోదు చేసే రికార్డులు) ఒక్కసారిగా రద్దయ్యాయి. కోర్టు కేసులు పడ్డాక వాటిని మళ్లీ తెరిచారు. చిన్న ట్రాఫిక్ కేసున్న వాళ్లకీ అలా జరిగిందని విన్నాక చాలా రోజులు మా ఇంట్లో నలుగురం సరిగ్గా నిద్రపోలేదు. ఇలాంటి రోజుల్లో ఒక పందొమ్మిదేళ్ల పిల్లనో ఇరవై రెండేళ్ల పిల్లాడినో 40 రోజులు చేతిలో చిల్లిగవ్వ లేకుండా వదిలేస్తే వాళ్లు ఏ తలుపు తడతారో మీరే ఆలోచించండి. మీ విదేశీ విద్యార్థుల ఆఫీసు ప్రతి ఓరియెంటేషన్‌లో 'బయట పనికి వెళ్లకండి' అని హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక నిలబడాలంటే లోపల చేసిన పనికి డబ్బు టైముకి రావాలి.

ఇక టైమ్‌షీట్ల సంగతి. సూపర్‌వైజర్‌ని కాబట్టి ఇది నేను రోజూ చూస్తాను. మా గంటల్ని మేనేజర్ గడువులోపు అప్రూవ్ చేయాలి. చేయకపోతే అవి తర్వాతి జీతానికి జరుగుతాయి. ఫిబ్రవరిలో మా మేనేజర్ ఆపరేషన్ కోసం సెలవు పెట్టారు, ఆయన బదులు ఉన్నవాళ్లకి సిస్టమ్‌లో అనుమతి ఇంకా రాలేదు. ఆరుగురికి ఆ శుక్రవారం సున్నా పడింది. అందులో ఒకమ్మాయి విజయనగరం నుంచి జనవరిలోనే వచ్చింది. ఆ రోజు డిష్ రూమ్‌లో ట్రేలు తోముతూనే ఏడ్చింది. మేమంతా తలా ఇరవై, ముప్పై డాలర్లు చేబదులు ఇచ్చాం. రెండు వారాల్లో డబ్బు వచ్చింది, అందరికీ తిరిగిచ్చేసింది. పద్నాలుగు రోజులు కాబట్టి గట్టెక్కాం.

కొత్త పద్ధతిలో అదే తప్పు జరిగితే ఏమవుతుందో లెక్క వేశాను. ఆగస్టు 16న చేసిన షిఫ్టుకి సెప్టెంబర్‌లో అప్రూవల్ తప్పిపోతే డబ్బు పడేది అక్టోబర్ 30న. 75 రోజులు. ఆ విజయనగరం అమ్మాయికి అన్ని రోజులు చేబదులు ఇవ్వగలిగే స్తోమత మా డిష్ రూమ్‌లో ఎవరికీ లేదు.

తప్పు పట్టుకోవడం కూడా కష్టమవుతుంది. ఇప్పుడు శుక్రవారం జీతం చూసుకుని గంటలు తక్కువ పడితే, పోయిన వారం మంగళవారం క్లాక్-అవుట్ కొట్టడం మర్చిపోయానని గుర్తొస్తుంది. సెప్టెంబర్ 30న కూర్చుని ఆగస్టు 18 మధ్యాహ్నం ఎన్నింటికి బయటికొచ్చానో ఎవరికి గుర్తుంటుంది? గుర్తులేని గంట మీ లెక్కలోనే మిగిలిపోతుంది.

జనవరిలో మీ సిస్టమ్ అప్‌డేట్ అయినప్పుడు మా షిఫ్టులో ముగ్గురికి సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నుల కోత పడింది. ఎఫ్-1 మీద వచ్చి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు దాటనివాళ్లకు మామూలుగా ఆ 7.65 శాతం కోత ఉండదు. 520 డాలర్లకు 39 డాలర్ల 78 సెంట్లు. మాకు అది వారం కూరగాయలు. మొదటి చెక్కులోనే పట్టుకున్నాం కాబట్టి పేరోల్ వాళ్లే సరిచేశారు. అందుకు వాళ్లకి ఇప్పటికీ కృతజ్ఞతలు. యజమాని దగ్గర తేలకపోతే ఇక్కడి పన్నుల శాఖ ఐఆర్ఎస్‌కి 843వ ఫారం, దానితోపాటు 8316 పెట్టుకుని నెలల తరబడి ఎదురుచూడాలి. ఆగస్టులో మీరు అందరి రికార్డులనూ ఒకేసారి కొత్త జీతం పట్టికలోకి మారుస్తున్నారు. అలాంటి తప్పులు మళ్లీ రావని ఎవరూ హామీ ఇవ్వలేరు. వస్తే ఈసారి అవి నెల మొత్తం జీతం మీద పడతాయి.

మీ వైపు కారణాలు కూడా చదివాను. ఏడాదికి 26 సార్లు చేసే పని 12 సార్లకు తగ్గుతుంది, ఉద్యోగులందరికీ ఒకే పద్ధతి ఉంటుంది అన్నారు. పేరోల్ ఆఫీసులో మనుషులు తక్కువగా ఉన్నారని నాకు తెలుసు. జనవరి కోత గురించి వెళ్లినప్పుడు కౌంటర్‌లో ఉన్న మేడమ్ మధ్యాహ్నం మూడైనా భోజనం చేయలేదు. వాళ్ల భారం తగ్గాలి, అందులో మాకు ఏ అభ్యంతరం లేదు. కానీ టైమ్‌షీట్లు రాసేది మేం, చూసేది మా మేనేజర్లు. వాటిని నెలంతా పోగేసి ఒకేసారి తెరిస్తే ఆ మేడమ్ ముందు క్యూ తగ్గదు. నెలకొక రోజున అంతా ఒకేసారి వచ్చి నిలబడతారు.

'టీచింగ్ అసిస్టెంట్లకు నెలకోసారే ఇస్తున్నాం కదా' అని కూడా అన్నారు. వాళ్లకి ఎంత వస్తుందో నెల మొదట్లోనే తెలుసు, ప్రతి నెలా అంతే వస్తుంది. చాలామందికి ట్యూషన్ మాఫీ కూడా ఉంటుంది. మా డబ్బు వారం వారం మారుతుంది. మంచు పడి హాల్ మూసేస్తే తగ్గుతుంది, పరీక్షల వారంలో షిఫ్టు వదులుకుంటే తగ్గుతుంది. ఎంతొస్తుందో తెలియని జీతం దగ్గర దగ్గరగా రావాలి. నిలకడగా వచ్చే జీతమైతే కొంచెం దూరంగా వచ్చినా సర్దుకోవచ్చు.

మా ఊళ్లో ఈ లెక్క చదువురాని వాళ్లకీ తెలుసు. మా అమ్మ మిరప కోతలకి వెళ్తుంది. కూలి లెక్క ఆదివారం చూస్తారు. రైతు చేతిలో డబ్బు లేకపోతే యార్డులో కాయ అమ్మాక ఇస్తానని శనివారమే వచ్చి చెప్తాడు, కూలీలు ఒప్పుకుంటేనే ఆగుతారు. చెప్పకుండా ఆపిన రైతు చేలోకి మరుసటి ఏడు ఎవరూ దిగరు. మా నాన్న ఉపాధి హామీ పనుల్లో మేట్‌గా, అంటే కూలీల హాజరు రాసేవాడిగా చేశాడు. ఆ చట్టం 2005లో వచ్చింది. కూలి వారానికోసారి, ఎట్టి పరిస్థితుల్లోనూ పదిహేను రోజులు దాటకుండా ఇవ్వాలని అందులో రాశారు. ఆలస్యమైతే, మస్టర్ మూసిన 16వ రోజు దాటాక రోజుకి 0.05 శాతం చొప్పున కూలీకి నష్టపరిహారం ఇవ్వాలని కూడా నిబంధన పెట్టారు. అమల్లో ఆలస్యాలు జరిగాయి, నాన్న మస్టర్లు పట్టుకుని మండలాఫీసు చుట్టూ తిరగడం నేను చూశాను. అయినా ఆలస్యమైతే అది తప్పని చెప్పడానికి ఆయన చేతిలో ఒక రూల్ ఉండేది. అంతకంటే చాలా ముందే, 1936లో, మా దేశంలో వేతనాల చెల్లింపు చట్టం వచ్చింది. వెయ్యి మందిలోపు పనిచేసే చోట జీతం గడువు ముగిశాక ఏడో రోజులోపు, అంతకంటే పెద్ద చోటైతే పదో రోజులోపు ఇవ్వాలని అది చెప్పింది. మీ కొత్త పద్ధతిలో సెప్టెంబర్ 15న గడువు ముగిసి 30న డబ్బు పడుతుంది. పదిహేను రోజులు. బ్రిటిష్ వాళ్ల కాలం నాటి ఫ్యాక్టరీ కూలీకి ఉన్నపాటి గడువు కూడా ఇక్కడ మాకు లేదు.

ఇక్కడి ఫెడరల్ చట్టం ఎన్నాళ్లకోసారి జీతం ఇవ్వాలో చెప్పదు, రాష్ట్రాలకు వదిలేసింది. టెక్సస్ లాంటి చోట ఆ రాష్ట్ర చట్టం ప్రభుత్వ సంస్థలకు వర్తించనే వర్తించదు. కాబట్టి మీరు చట్టం దాటారని నేను అనడం లేదు. అయితే ఇది విద్యార్థులకు ఎంత పెద్ద విషయమో ఇప్పటికే ఒకచోట తేలింది. 2025 ఏప్రిల్ చివర్లో ఓరెగాన్ విశ్వవిద్యాలయంలో డిగ్రీ విద్యార్థి ఉద్యోగులు సమ్మెకు దిగారు. వాళ్లకి నెలకోసారి జీతం వచ్చేది. రెండు వారాలకోసారి ఇవ్వాలన్నది వాళ్ల డిమాండ్లలో ఒకటి. మేం సమ్మె మాట ఎత్తడం లేదు. మాలో చాలామందికి ఆ మాట పలకాలన్నా భయమే. వాళ్లు పోరాడి అడిగినదాన్ని మీరు ఇప్పటికే ఇస్తున్నారు. దాన్ని తీసేయకండి అనే అడుగుతున్నాం.

రెండు వారాల జీతం అలాగే ఉంచండి. మా మొదటి మాట అదే, దాని మీదే నిలబడతాం.

ఒప్పందాలు అయిపోయాయి, సిస్టమ్ కొనేశాం, ఇక వెనక్కి పోలేం అంటే, కనీసం ఆగస్టులో మొదలుపెట్టకండి. అద్దె అడ్వాన్సులు, ట్యూషన్, ఇన్సూరెన్స్ అన్నీ కలిసి పడే నెల అది. వచ్చే ఏడాది మే మధ్యలో మార్చండి. వేసవి సెలవుల్లో మేం 20 గంటలు దాటి పని చేయొచ్చు, చేతిలో నాలుగు డబ్బులు ఉంటాయి, ఆ ఖాళీని ఎలాగో దాటుతాం. ఎప్పుడు మార్చినా, ఆ మొదటి నెలలో మాత్రం పాత తేదీల ప్రకారమే రెండుసార్లు డబ్బు వేయండి. దాన్ని అప్పు అని పిలవకండి, వడ్డీ మాట అసలు వద్దు. అప్పటికే పనిచేసేసిన గంటలవి.

మేనేజర్ అప్రూవల్ తప్పినప్పుడు తర్వాతి నెల దాకా ఆపకుండా మూడు పనిదినాల్లో విడిగా చెక్కు ఇచ్చే ఏర్పాటు చేయండి. ట్యూషన్ వాయిదా తేదీ పెట్టేది కూడా మీ భవనంలోనే, రెండో అంతస్తులో. జీతం 30న అయితే వాయిదా 10న ఎలా కట్టగలం? దాన్ని అక్టోబర్ మొదటి వారానికి జరపండి, ఈ సెమిస్టర్‌కి లేట్ ఫీజు తీసేయండి.

అన్నిటికంటే తొందరగా చేయాల్సిన పని ఒకటుంది. ఈ ఆగస్టులో కొత్తగా వస్తున్న విద్యార్థులకు ఆ జూన్ మెయిల్ వెళ్లలేదు. వాళ్లకింకా యూనివర్సిటీ మెయిల్ ఐడీలే లేవు. వాళ్లు ఇప్పుడు హైదరాబాద్‌లో, విజయవాడలో సూట్‌కేసులు తూకం వేసుకుంటున్నారు, ఫారెక్స్ కార్డులో ఎన్ని డాలర్లు వేయాలో ఇంట్లో మాట్లాడుకుంటున్నారు. సీనియర్లు 'వచ్చిన మూడు వారాల్లో మొదటి జీతం పడుతుంది' అని చెప్పిన లెక్కతో బయల్దేరుతున్నారు. ఆగస్టు 24న పనిలో చేరే పిల్లాడికి పాత పద్ధతిలో సెప్టెంబర్ 4న మొదటి డబ్బు వచ్చేది. ఇప్పుడు 30 దాకా రాదు. అడ్మిషన్ ఇచ్చినప్పుడు వాళ్ల సొంత మెయిల్ అడ్రస్ మీ దగ్గర ఉంది. ఈ వారమే వాళ్లకి రాయండి. మీరు రాసేలోపు మేం చెప్పడం మొదలుపెట్టాం, కానీ మా మాట అందరికీ చేరదు.

ఈ ఉత్తరం కింద సంతకం పెట్టడానికి కొందరు జంకారు. షిఫ్టులు తగ్గిస్తారేమో, పేరు ఎక్కడైనా ఎక్కుతుందేమో అని వాళ్ల టెన్షన్. నేను ఎవరినీ బలవంతం చేయలేదు. వాళ్లకి ఏమీ కాదని మీ నోటితో ఒక్క మాట రాతపూర్వకంగా ఇస్తే వాళ్లే వచ్చి మాట్లాడతారు. నాకంటే బాగా చెప్తారు.

ఆగస్టు మొదటి వారంలో మాతో ఒక గంట కూర్చోండి. మా సాయంత్రం షిఫ్టు నాలుగింటికి మొదలవుతుంది, వంటగదిలో పొద్దున షిఫ్టు వాళ్లు పదకొండుకి దిగుతారు. పదకొండున్నరకి పెడితే ఇద్దరమూ రాగలం. డైనింగ్ హాల్ వెనక గది ఖాళీగానే ఉంటుంది. ఫిబ్రవరిలో సున్నా పడిన ఆ ఆరుగురి టైమ్‌షీట్లు, జనవరి కోత పడిన మూడు చెక్కుల కాపీలు నేను తీసుకొస్తాను.

ఇట్లు,
డైనింగ్ హాల్ సాయంత్రం షిఫ్టు స్టూడెంట్ సూపర్‌వైజర్,
షిఫ్టులోని విద్యార్థుల తరఫున